నూట నలభై గడులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఒత్తులక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అవసరం పడేది కాదు. ఎవరైనా కాగితం తెచ్చి బల్లమీద పెడితే ముందు విషయం చూసేది కాదు, ఒత్తులు చూసేది. ఎక్కడైనా ఒత్తు పోతే ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, తెచ్చినవాళ్ళ చేతిలోనే పెట్టేది. పెద్ద సర్జను అయినా సరే, గేటు దగ్గర కాపలావాడైనా సరే, ఆమెకు తేడా లేదు. అందుకని సర్జన్లకు ఆమె అంటే మంట, కాపలావాళ్ళకు అభిమానం.

ఆ పట్టుదల తండ్రి నుంచి వచ్చింది. ఆయన సీసం అక్షరాల కాలంలో అచ్చాఫీసులో కంపోజిటరు. అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చేవాడు. ఆమె పలక మీద రాయడం నేర్చుకునే వయసుకే తిరగేసిన అక్షరాలు చదవగలిగేది. ఆయనకు ఒక్కటే నియమం. "అచ్చులో తప్పు పడితే చదివేవాడు నీ ఎదురుగా ఉండడమ్మా, అడగడానికి. వాడికి ఏది కనబడితే అదే నిజం." ఆ అచ్చాఫీసు మూతబడ్డాక ఆమె టైపు నేర్చుకుంది, ఆ తర్వాత కంప్యూటరు నేర్చుకుని ఇంకో అచ్చాఫీసులో చేరింది.

కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక్కో అచ్చాఫీసుకూ ఒక్కో రకం అక్షరాల పట్టిక ఉండేది. వీళ్ళ 'క' అవతలివాళ్ళ యంత్రంలో 'ళ' అయ్యేది, మరొకరి దగ్గర గొడుగు బొమ్మ అయ్యేది. పెళ్ళి శుభలేఖలు తెరిస్తే పిచ్చిగీతలు. యజమానులు ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు. ఆమె మాత్రం ప్రతి ఫ్లాపీ మీదా ఒక చీటీ అంటించి, లోపలిది ఏ పట్టికలో టైపు చేసిందో, ఏ భాషలో ఉందో రెండు ముక్కలు రాసి పంపేది. ఆమె చేతి నుంచి వెళ్ళిన ఫ్లాపీ ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ చీటీని చూసి యజమాని నవ్వి, "ఇంత మాత్రానికి చదువెందుకు" అన్నాడు. ఆ ఇంత మాత్రం తట్టక తర్వాత ఇరవై ఏళ్ళు ఎంతెంతవాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకున్నారో ఆయన చూడకుండానే పోయాడు.

నలభై ఏళ్ళ వయసులో పెద్దాసుపత్రిలో సందేశాల గదికి వచ్చింది. ఎక్స్‌రే గదికి ఆనుకుని ఉన్న ఇరుకు గది, ఒక కిటికీ, తెరిస్తే జనరేటరు పొగ. పెద్ద డాక్టర్లు కోడి కెలికినట్టు రాసిన సలహాలను విప్పి చదివి, టైపు చేసి, ముప్ఫై నాలుగు చిన్నాసుపత్రులకు పంపడం ఆమె పని. అక్కడి నర్సులకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అందుకని సలహా మన భాషలోనే వెళ్ళాలి. ప్రతి సందేశం చివరా ఆమె చుక్క పెట్టేది. చుక్క లేకుండా ఒక్క వాక్యాన్నీ గది దాటనిచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక సంఘం పుట్టింది. ఆసుపత్రుల యంత్రాలన్నీ ఇంటర్నెట్టు మీద ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలి, దానికి నియమావళి రాయాలి అన్నారు. ప్రోటోకాల్ అంటే అంతే కదా, యంత్రాలు ఎదురుపడితే ఎవరు ముందు నమస్కారం పెట్టాలి, ఎవరు ఎంతసేపు మాట్లాడాలి అనే మర్యాద. పదకొండుమంది సభ్యులు. అందులో ఒక్కడు కూడా తన ఉత్తరం తాను టైపు చేసుకున్న పాపాన పోలేదు. వాడకందారుల తరఫున ఒక మనిషి ఉండాలని ఎక్కడో రాసి ఉంది కాబట్టి ఒత్తులక్కను పిలిచారు. గోడ పక్కన కుర్చీ వేశారు. బల్ల చుట్టూ చోటు లేదట.

ఎనభై ఆరు పేజీల ముసాయిదాను ఆమె నాలుగు రోజులు కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. ఆ గదిలో ఆ పని చేసింది ఆమె ఒక్కతే అని మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయింది. అధ్యక్షుడు సూటు వేసుకున్న పొడుగాటి మనిషి. చేతిలో ఎర్రచుక్క వేసే లైటు పట్టుకుని గోడ మీద తెగ తిప్పుతున్నాడు. ఏం చెబుతున్నాడో ఆయనకే తెలియనప్పుడు ఆ చుక్క ఇంకా వేగంగా తిరిగేది.

ఆమె చెయ్యెత్తింది. "ఒక సందేశంలో నూట నలభై అక్షరాలు అని రాశారు కదండీ. ఏ అక్షరాలు?"

"అక్షరాలంటే అక్షరాలేనమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"ఇంగ్లీషువా, మనవా అని అడుగుతున్నా."

"ఏవైనా ఒకటే. కంప్యూటరుకి తేడా ఏముంది?"

"కంప్యూటరుకే ఉందండీ తేడా. మీకే లేదు. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. మనది అలా కాదు. అక్షరం, గుడి, కొమ్ము, ఒక్కోదానికీ మూడేసి గడులు, ఒత్తుకైతే ఆరు. 'స్త్రీ' అని ఒక్క అక్షరం కొట్టి చూడండి, పద్దెనిమిది గడులు తింటుంది. మీరు లెక్కపెట్టింది గడుల్ని, కాగితం మీద రాసింది అక్షరాలని."

ఒక సభ్యుడు వెనక్కి వాలి, "స్త్రీ అన్నాక ఆ మాత్రం చోటు ఆక్రమించదా మరి" అన్నాడు. పదిమందీ నవ్వారు. ఆ రెండు గంటల సమావేశంలో అందరూ శ్రద్ధగా పాల్గొన్నది ఆ నవ్వులోనే. బల్ల చివర కూర్చున్న బట్టతల ఇంజనీరు ఒక్కడే నవ్వకుండా తల దించుకున్నాడు. గడుల లెక్క ఆమెకు చెప్పింది అతనే. ఆమె మాటకు వంత పాడతాడేమో అని చూసింది. అతను గోళ్ళు గిల్లుకున్నాడు.

"మంచి పాయింటమ్మా, రెండో దశలో చూద్దాం," అన్నాడు అధ్యక్షుడు. ఆ రోజు ఆయన ఆ మాట తొమ్మిదిసార్లు అన్నాడు. ఆమె లెక్కపెట్టింది. ఆ రోజు నుంచీ ఆయన్ని రెండోదశ అనే పిలిచేది, చాటుగా.

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కాళ్ళు కడుక్కుంటూ విని, "అంటే ఏంటే, మనవాళ్ళకి తలా మూడు సీట్లు కావాలి. వీళ్ళేమో బస్సులో నూట నలభై సీట్లున్నాయి, నూట నలభైమంది ఎక్కండి అంటున్నారు. అంతేనా?" అన్నాడు.

"అంతేనండీ."

"మరి ఎక్కనివాళ్ళ సంగతి?"

"వదిలేసి బండి తీసేస్తారు. వదిలేశామని కూడా ఎవరికీ చెప్పరు."

"మా డిపోలో అలా చేస్తే కాలర్ పట్టుకుంటారు," అన్నాడాయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ. ఎనభై ఆరు పేజీలకు ఆ ఊళ్ళో జరిగిన సరైన విమర్శ అదొక్కటే.

నియమావళి అమలైంది. మొదటి రోజు నుంచే సందేశాలకు తోకలు తెగడం మొదలైంది. ఈ చివర ఆమె నిండు వాక్యం పంపేది. ఆ చివర నూట నలభై గడులు నిండగానే యంత్రం కత్తిరించి, ఏమీ ఎరగనట్టు మిగతాది పారేసేది. ఆమె ఫిర్యాదు రాసింది. 'మీ సూచన నమోదైంది' అని జవాబు వచ్చింది. అదీ ఇంగ్లీషులోనే, చక్కగా, చివర చుక్కతో సహా. ఆమె మళ్ళీ రాసింది, ఈసారి వెటకారంగా. పదకొండు రోజుల్లో ఏడు ఫిర్యాదులు, ఒకదాన్ని మించిన వెటకారం ఇంకొకటి. వాటిని పంపేముందు ఎక్స్‌రే గదివాళ్ళకు చదివి వినిపించేది. వాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆమెకు అది ఎంతో తృప్తిగా ఉండేది. నిజం చెప్పాలంటే, ఆ తృప్తిలోనే ఆమె చేయాల్సిన పని ఒకటి మరిచిపోయింది.

పన్నెండో రోజు పొద్దున పదకొండింటికి ఫోను మోగింది. ముప్ఫై నాలుగింట్లో అన్నిటికంటే దూరాన ఉన్న ఆసుపత్రి నుంచి నర్సు. పదేళ్ళుగా గొంతు తెలుసు గానీ ముఖం తెలియదు.

"అక్కా, మీ చుక్క ఏది?" అంది నర్సు. ఊపిరి ఎగబీలుస్తోంది.

"ఏ చుక్క?"

"ఇప్పుడొచ్చిన మెసేజికి చివర చుక్క లేదక్కా. ఈ పదిరోజులూ మాకొచ్చిన పొట్టి మెసేజీలకి కూడా చుక్క ఉంది, మీరు చుక్క పెట్టకుండా ఎప్పుడూ పంపలేదు. ఇక్కడ వడ్రంగాయన్ని బల్ల మీద పడుకోబెట్టేశారు. డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు."

"ఏం వచ్చిందో చదువు."

"ఎముకకు చీము పట్టింది. చూపుడు వేలు తీసేయాల్సిన అవసరం. అంతే."

ఒత్తులక్క తెర వైపు తిరిగింది. ఆమె ఎదుట తెర మీద తాను కొట్టిన సందేశం చక్కగా కనబడుతూనే ఉంది. 'ఎముకకు చీము పట్టింది. చూపుడు వేలు తీసేయాల్సిన అవసరం లేదు. మందులతో తగ్గుతుంది.'

"లేదు!" అని అరిచింది. "అవసరం లేదు! లేదు అన్న మాట తెగిపోయింది. వెళ్ళి ఆపు, ఫోను అక్కడే పడేసి పరిగెత్తు!"

రిసీవరు బల్లకు తగిలిన చప్పుడు, చెప్పుల పరుగు వినబడ్డాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆమె రిసీవరు చెవికి నొక్కుకుని నిలబడింది. మన భాషలో అవునో కాదో చెప్పే మాట వాక్యం చివర కూర్చుంటుంది. ఆ చివర్నే వీళ్ళు కోస్తున్నారు. ఈ సంగతి పదకొండు రోజులుగా ఆమెకు తెలుసు. తెలిసీ జోకులు వేసింది. ముప్ఫై నాలుగు ఆసుపత్రులకు ముప్ఫై నాలుగు ఫోన్లు చేసి 'తోకలు నమ్మకండి' అని చెప్పలేదు.

"ఆపేశారక్కా," అంది నర్సు తిరిగి వచ్చి, ఏడుపు గొంతుతో. "మత్తు ఇచ్చేశారు గానీ కత్తి పెట్టలేదు. డాక్టరుగారు నన్నే తిడుతున్నారు, టైము పాడు చేశానని."

"తిట్టనీ. ఆయన వేలు కాదుగా."

ఆ రోజూ మర్నాడూ ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. పదకొండు రోజుల్లో వెళ్ళిన సందేశాలు నాలుగు వందల పన్నెండు. ఒక్కొక్క ఆసుపత్రికీ ఫోను చేసి, ఒక్కొక్క సందేశాన్నీ నోటితో చదివి సరిచూసింది. అవతల నర్సులు తెగిన వాక్యాలకు తోచిన తోకలు అతికించుకుని పని నడుపుకుంటున్నారు. ముగ్గురి విషయంలో తోక తప్పు పడింది. ఒక ముసలాయనకు ఉప్పు మానమంటే ఉప్పు తినిపిస్తున్నారు. ఒక బాలింతకు ఆపాల్సిన మాత్ర ఆపలేదు. ఒకాయనకు కట్టు విప్పాల్సింది విప్పలేదు. ముగ్గురూ బతికి బయటపడ్డారు. అందులో సంఘం గొప్పేమీ లేదు, వాళ్ళ ఒంట్లో సత్తువ ఉంది, అంతే. రెండో రోజు సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది.

ఆ గొంతుతోనే సంఘం ముందు నిలబడింది. ఈసారి ఎవరూ పిలవకుండానే వచ్చింది, గోడ పక్క కుర్చీ బల్ల దగ్గరికి ఆమే లాక్కుంది. వడ్రంగి సందేశం రెండు రూపాలూ కాగితం మీద పక్కపక్కన అచ్చు వేయించి పదకొండుమంది ముందూ పెట్టింది. గదిలో ఎవరూ జోకు వేయలేదు. ఒకరిద్దరు తమ చూపుడు వేళ్ళు బల్ల కిందికి తీసుకున్నారు.

"దురదృష్టకరం," అన్నాడు అధ్యక్షుడు. "కానీ నియమావళిలో తప్పు లేదమ్మా. అమలులో..."

"తప్పు నియమావళిలోనే ఉంది సార్," అన్నాడు బట్టతల ఇంజనీరు. ఇన్నాళ్ళకు అతనికి నోరొచ్చింది. "నేను అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ అడిగిన రోజే నాకు తెలుసు."

ఒత్తులక్క అతన్ని కరుణించలేదు. "తెలిసి గోళ్ళు గిల్లుకున్నావు బాబూ. నేను తెలిసి జోకులేశాను. మనిద్దరికీ ఒకటే మార్కు. ఇప్పుడు రాసుకోండి." బొంగురు గొంతుతో మూడు సంగతులు చెప్పింది. సందేశం నుదుటి మీద అది ఏ అక్షరాల పట్టికలో ఉందో రాసి ఉండాలి. ఏ భాషలో ఉందో రాసి ఉండాలి. పట్టకపోతే చప్పుడు చేయకుండా కోసేయకూడదు, పట్టలేదని చెప్పి పంపినవాళ్ళకే తిప్పి పంపాలి.

"అక్షరాలు తెలిశాక మళ్ళీ భాష ఎందుకు? చూస్తే తెలీదా?" అన్నాడు స్త్రీ మీద జోకు వేసిన సభ్యుడు.

"చూసేది మీరు కాదు, యంత్రం. ఇంగ్లీషులో పెయిన్ అని రాసే నాలుగక్షరాలే ఫ్రెంచి భాషలో రొట్టె. మొన్నటి నుంచి పేషెంట్లకి యంత్రమే చదివి వినిపిస్తోందిగా. ఛాతీలో నొప్పి అని డాక్టరు రాస్తే, ఛాతీలో రొట్టె అని అది వినిపించాలా?"

మూడు సంగతులూ నియమావళిలోకి ఎక్కాయి. ఇరవై ఏళ్ళ కిందట ఫ్లాపీ మీద ఆమె అంటించిన చీటీయే అది. కాకపోతే దానికిప్పుడు అధ్యాయం సంఖ్య, ఉపోద్ఘాతం, పదకొండుమంది సభ్యుల పేర్లు వచ్చాయి. ఆమె పేరు రాలేదు. అడిగితే, వాడకందారుల ప్రతినిధికి పేరు వేసే పద్ధతి లేదన్నారు.

అయితే ఒక పని మాత్రం ఆమె నెత్తిన వేశారు. ప్రతి యంత్రాన్నీ పరీక్షించడానికి పన్నెండు వాక్యాలు కావాలి. పొడవుగా ఉండాలి, ఒత్తులన్నీ రావాలి, తోక తెగితే వెంటనే తెలిసిపోవాలి. ఎవరికీ తీరిక లేదు కాబట్టి ఒత్తులక్క రాయాలి. ఆమె రెండు వారాలు రాసింది. తెగితే అర్థం తిరగబడేలా ఒక్కో వాక్యాన్నీ గడులు లెక్కపెట్టి పేర్చింది. నాలుగు పేజీల జాబితా అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్ళి, నాలుగు పేజీల కిందా సంతకంతో, అదే రోజు తిరిగి వచ్చింది.

కొత్త పద్ధతి ప్రారంభానికి మంత్రిని పిలిచారు. అధ్యక్షుడికి ఒక ముచ్చట పుట్టింది. వేదిక మీద రెండు తెరలు పెట్టాలి, ఎడమ తెర మీద పాత యంత్రం, కుడి తెర మీద కొత్త యంత్రం, ఒకే వాక్యం రెండిటికీ పంపి తేడా చూపించాలి. బట్టతల ఇంజనీరు ఒత్తులక్క వైపు చూశాడు. ఆమె సీలింగు ఫ్యాను వైపు చూసింది.

"పన్నెండిట్లో ఏదో ఒక అంకె చెప్పండి సార్," అన్నాడు అధ్యక్షుడు మంత్రితో, మైకులో.

"ఏడు," అన్నాడు మంత్రి.

ఎడమ తెర మీద ముందు వచ్చింది. 'ఈ నియమావళిని అధ్యక్షులవారు మొత్తం స్వయంగా చదివారు'. హాలంతా చప్పట్లు. అధ్యక్షుడు వినయంగా తల వంచాడు. తల వంచడం వల్ల కుడి తెర చూడలేదు. చప్పట్లు ఉన్నట్టుండి ఆగి, వెనక వరుసల్లోంచి ఒక రకం చప్పుడు రావడంతో తలెత్తాడు. కుడి తెర మీద వాక్యం నిండుగా, ఒత్తులతో, చుక్కతో నిలబడి ఉంది. 'ఈ నియమావళిని అధ్యక్షులవారు మొత్తం స్వయంగా చదివారు అన్నది ఇంకా తేలలేదు.'

ముందు మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వాక హాలు నవ్వింది. అధ్యక్షుడి చేతిలోని లైటు ఎర్రచుక్క గోడల మీద, సీలింగు మీద, మంత్రి చొక్కా మీద గిరగిరా తిరిగింది. "కొత్త యంత్రం బాగా పనిచేస్తోందయ్యా, దీన్నే ఉంచండి," అన్నాడు మంత్రి కళ్ళు తుడుచుకుంటూ.

మూడో రోజు ఆమెకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉన్నతాధికారిని కించపరిచే రాతలట. ఆమె రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. "పరీక్ష వాక్యాల నాలుగు పేజీల మీదా అధ్యక్షులవారి సంతకం ఉంది. చదివి పెట్టారో, చదవకుండా పెట్టారో వారే చెప్పాలి." దానికి జవాబు రాలేదు. చదివి పెట్టానంటే తనను తాను వెక్కిరించుకున్నట్టు, చదవలేదంటే ఏడో వాక్యం నిజమైనట్టు. ఏడో వాక్యాన్ని తీసేయించాలని చూశాడు గానీ, దానికి నియమావళి సవరించాలి, సవరించాలంటే సమావేశం పెట్టాలి, సమావేశంలో ఆ వాక్యాన్ని పైకి చదవాలి. ఊరుకున్నాడు. ఆరు నెలలకు ఆయన్ని ఇంకా పెద్ద సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. అక్కడా చదవనక్కర్లేదు కాబట్టి బాగానే రాణించాడట.

వడ్రంగి ఒకసారి ఫోను చేశాడు. కృతజ్ఞత చెప్పడానికేమో అనుకుంది. మత్తు ఇచ్చి రోజంతా పడుకోబెట్టారని, ఆ రోజు కూలి పోయిందని సణిగాడు. వేలు ఎలా ఉందని అడిగితే, "వేలికేం, వేలు బాగానే ఉంది" అని ఫోను పెట్టేశాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం భర్తకు చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది.

ఇంకో ఆరేళ్ళు ఆ గదిలోనే పనిచేసింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ముప్ఫై నాలుగు ఆసుపత్రుల యంత్రాలు పన్నెండు పరీక్ష వాక్యాలనూ ఒకదానికొకటి పంపుకునేవి. నర్సులు ఏడోది వచ్చేదాకా ఆగి, నవ్వుకుని, డ్యూటీ మొదలుపెట్టేవాళ్ళు. ఇన్ని జరిగాక ఒత్తులక్క వెటకారం మానిందా అంటే మానలేదు. ఏ యంత్రంలోనైనా తేడా కనబడితే ముందు అవతలికి ఫోను చేసేది, మనిషి క్షేమం కనుక్కునేది. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఫిర్యాదు రాసేది.